క్యాబిన్ రబ్బర్లు, నాన్న ఎడమ చెయ్యి

నా చిన్నప్పుడు మా నాన్నకి ఒక ముక్కు లారీ ఉండేది. ఇప్పటి పిల్లలు అలాంటిది చూసి ఉండరు. ఇంజను ముందుకి పొడుచుకొచ్చి, దాని వెనక చెక్కా రేకూ కలిపి కట్టిన క్యాబిన్ ఉండేది. మా ఊరు అనకాపల్లి నుంచి సబ్బవరం వెళ్ళే దారిలో, రోడ్డుకి కాస్త లోపలికి. చుట్టుపక్కల గానుగల దగ్గర వండిన బెల్లం దిమ్మలు ఎక్కించుకెళ్ళి అనకాపల్లి మార్కెట్లో దించి రావడం మా నాన్న పని. అంతకు ముందు అదే పని మా తాతయ్య ఎడ్లబండితో చేసేవాడు. అందుకని ఊళ్ళో మమ్మల్ని బండోళ్ళు అనేవారు. బండి పోయి లారీ వచ్చినా ఆ పేరు మాత్రం పోలేదు.

వారమంతా నాన్న నాకు దొరికేవాడు కాదు. నేను లేచేసరికి వెళ్ళిపోయేవాడు. వచ్చేసరికి నేను పడుకునేదాన్ని. ఇంట్లో ఉన్న కాసేపట్లో కూడా నాయనమ్మ పొలం సంగతులు, అమ్మ ఇంటి సంగతులు, గుమ్మంలో ఎవరో ఒకరు. ఆదివారం ఒక్కటే నాది. బడి లేదు కాబట్టి నన్ను కూడా లారీ ఎక్కించుకునేవాడు. ఆయనకి ఎడమ పక్కన, తువ్వాలు మడత పెట్టి వేసిన సీటు నాది. అనకాపల్లి వెళ్ళి వచ్చేదాకా మా నాన్నతో నేను, నాతో మా నాన్న. మధ్యలో మాట్లాడడానికి ఇంకెవరూ లేరు. నాలుగో తరగతి చదివే పిల్లకి అంతకన్నా ఇంకేం కావాలండీ?

దారి పొడుగునా గోతులే. ప్రతి గోతి దగ్గరా, ప్రతి కల్వర్టు దగ్గరా, నాన్న ఎడమ చెయ్యి స్టీరింగు వదిలి నా ఛాతీకి అడ్డంగా వచ్చేది. చూపు మాత్రం రోడ్డు మీదే ఉండేది. ఆ చేతికి డీజిలు వాసన, బెల్లం వాసన. గొయ్యి దాటాక, నా వైపు తిరక్కుండానే, "తగిలిందా గుంటా?" అని అడిగేవాడు. మా వైపు ఆడపిల్లని గుంట అంటారు. ముద్దొచ్చినా అదే, కోపమొచ్చినా అదే. తగల్లేదు అని నేను చెప్పాకే ఆ చెయ్యి మళ్ళీ స్టీరింగు మీదికి వెళ్ళేది. నిజం చెప్పాలంటే కొన్నిసార్లు నేను కావాలనే ఆలస్యంగా జవాబు చెప్పేదాన్ని.

ఒక ఏడాది గానుగలు ఆడే రోజుల్లో క్యాబిన్ కిర్రుమనడం మొదలుపెట్టింది. కదిలితే కిర్రు, ఆగితే కిర్రు. నాన్న మాట నాకు వినబడేది కాదు, నా మాట ఆయనకి వినబడేది కాదు. నాకున్నదే ఆ ఒక్క పూట, దాన్నీ ఈ కిర్రు తినేస్తోందని నాకు ఎక్కడలేని ఉక్రోషం వచ్చింది.

మా ఇంట్లో ఏది కిర్రుమన్నా ఒకటే మందు. లారీ ఇంజనులోంచి తీసేసిన కాలిన ఆయిలులో ఇంత బూడిద కలిపి తాతయ్య కందెన చేసేవాడు. బండి ఇరుసుకి అదే, నూతి గిలకకి అదే, తలుపు బందులకి అదే. తాతయ్య పోయి రెండేళ్ళయినా ఆ కందెన డబ్బా మాత్రం అటక మీద నిండుగానే ఉండేది. బండోళ్ళ ఇంట పుట్టినదాన్ని, నాకు ఇంకో ఆలోచన ఎలా వస్తుంది? ఒక శనివారం సాయంత్రం నాన్న లారీ ఆపి స్నానానికి వెళ్ళగానే, స్టూలెక్కి డబ్బా దించి లారీ కింద దూరాను.

క్యాబిన్‌కీ, దాన్ని మోసే ఇనప ఛాసీకీ మధ్య మందపాటి రబ్బరు బిళ్ళలుంటాయి. గారెల్లాగ గుండ్రంగా, మధ్యలో చిల్లుతో. ఆ చిల్లులోంచి ఒక పొడుగాటి బోల్టు దిగుతుంది. మా లారీకి అలాంటివి ఆరు. కిర్రు అక్కణ్ణించే వస్తోందని నేనే కనిపెట్టాను. ముందున్న నాలుగింటికి చెయ్యి అందింది. వెనక రెండూ అందలేదు. వేలితో ముంచి ముంచి కందెన పూశాను. మర్నాడు లారీ గప్‌చుప్. నాన్న తల పంకించి "ఈయేళ బండి బుద్ధిగా ఉందే" అన్నాడు. నేను కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాను. ఆ గర్వం ఏమని చెప్పను!

అప్పటి నుంచి ప్రతి శనివారం అదే పని. తమాషా ఏమిటంటే, మూడో వారం నుంచి ఆ డబ్బా అటక మీద లేదు. లారీ చక్రం పక్కనే, నా చేతికి అందేలా ఉంది. ఎవరు దించారో ఆలోచించే వయసా అది? నా అదృష్టం అనుకున్నాను.

రెండు మూడు నెలలకి కిర్రు బదులు కుదుపు వచ్చింది. మామూలు కుదుపు కాదు. చిన్న రాయి ఎక్కినా క్యాబిన్ మొత్తం ఎగిరి ఇనుము మీద ఇనుము పడ్డట్టు దభీమనేది. మలుపు తిరిగితే ఒక పక్కకి ఒరిగేది. నా పక్క తలుపు దానంతటదే తెరుచుకుంటే నాన్న తాడు కట్టాడు. ఒక ఆదివారం ఊరి దగ్గర కల్వర్టు మీద ఆ దభీమన్నది ఎంత జోరుగా వచ్చిందంటే, నాన్న చెయ్యి వచ్చేలోపే నేను ముందుకి పడి, ఎదురుగా ఉన్న ఇనప కడ్డీకి మూతి కొట్టుకున్నాను. పెదవి చిట్లి గౌనంతా రక్తం.

ఇంటికెళ్ళేసరికి నాయనమ్మ వీధిలోనే అందుకుంది. "ఓలమ్మో! ఆడగుంట మూతి పగలగొట్టుకొచ్చింది! పళ్ళూడిపోతే ఎవులిది పూచీ? ఇంక ఆ లారీ ఎక్కిందంటే నానూరుకోను." అమ్మ ఏమీ అనకుండా పసుపు అద్దింది. అమ్మ ఏమీ అనలేదంటే నాయనమ్మ మాటే తన మాట అని మా ఇంట్లో అందరికీ తెలుసు. నాన్న తలొంచుకుని నిలబడ్డాడు. అంత మనిషి అలా నిలబడడం నేనదే మొదటిసారి చూడడం.

ఆ తర్వాత మూడు ఆదివారాలు నేను వీధి అరుగు మీద కూర్చుని లారీ వెళ్ళిపోవడం చూశాను. పక్కన ఖాళీ సీటు, దాని మీద నా తువ్వాలు. గానుగలు ఆడుతున్నాయి, లారీ ఒక్క పూట ఆపడానికి వీల్లేని రోజులు. ఈ వారం బాగు చేయిస్తా, వచ్చే వారం బాగు చేయిస్తా అంటూ నాన్న తిరుగుతున్నాడు. నేను అన్నం దగ్గర అలిగాను, నీళ్ళ దగ్గర అలిగాను, చివరికి నాయనమ్మతో మాట్లాడ్డమే మానేశాను. కందెన పూస్తే కుదుపు కూడా పోతుందని శనివారం పని మాత్రం మానలేదు. నా సీటు నాకు కావాలి. ఆ వయసులో నాకు లోకంలో ఇంకే కోరికా లేదు.

నాలుగో ఆదివారం నాన్న బేరాలన్నీ పక్కన పెట్టి లారీని ఖాళీగా అనకాపల్లి తీసుకెళ్ళాడు. నేను ఏడ్చిన ఏడుపుకి నాయనమ్మే దిగొచ్చి, "నడిసినట్టు తోలు, గోతిలో ఏసేవంటే సూడు" అని నన్ను ఎక్కనిచ్చింది. మార్కెట్‌కి వెళ్ళే దారిలో రేకుల షెడ్డులో ఒక మెకానిక్ ఉండేవాడు. నెరిసిన గడ్డం, దారం కట్టిన కళ్ళజోడు. నాన్నా ఆయనా ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. అందుకని నాకు ఆయన సాయిబు మావ. ఆయనకి నేను బేటీని.

సాయిబు మావ బోల్టులు వదులు చేసి, జాకీకీ క్యాబిన్‌కీ మధ్య ఒక చెక్కదుంగ పెట్టి, క్యాబిన్‌ని కాస్త పైకి లేపాడు. ముందు మూల రబ్బరుని వేళ్ళతో లాగాడు. వానాకాలంలో నీరుగారిన బెల్లంలాగ ముద్దగా చేతికొచ్చింది. ముందు నాలుగూ అంతే. వెనక రెండూ మాత్రం ముసలివైనా గట్టిగానే ఉన్నాయి. ఆయన ఆ ముద్దని వాసన చూశాడు. కళ్ళజోడు సర్దుకుని దాని మీద ఉన్న సన్నటి వేలి గీతలు చూశాడు. తర్వాత నా చేతుల వైపు చూశాడు. శనివారం నల్లదనం నా గోళ్ళలో ఇంకా ఉంది. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"ఏటైంది బావా?" అన్నాడు నాన్న.

"వయసైపోయింది బావా," అన్నాడు సాయిబు మావ. "వైజాగు నుంచి కొత్తవి తెప్పిత్తాను. ఆరూ మార్సీయాల. వారం సబర్ సెయ్యి, ఓపిగ్గా తక్కువ లోడుతో మెల్లగా తోలుకో."

నాన్న టీ తేవడానికి వెళ్ళినప్పుడు ఆయన నన్ను పిలిచాడు. తిడతాడనుకున్నాను. కానీ తిట్టలేదు. వెనక రబ్బరు అంచు నుంచి గోరంత ముక్కలు రెండు కోశాడు. రెండు మూతల డబ్బాలు తీసుకుని, ఒకదాంట్లో నీళ్ళు పోసి ఒక ముక్క, రెండోదాంట్లో కాలిన ఆయిలు పోసి ఒక ముక్క వేశాడు. "రోజూ సూడు బేటీ. ఏటవుతాదో వచ్చేవారం నువ్వే నాకు సెప్పాల," అన్నాడు. అంతే. ఆ పూట ఇంక ఆ మాటే ఎత్తలేదు.

ఆ రెండు డబ్బాలూ దూలం పక్కన గూట్లో దాచాను. సోమవారం తేడా లేదు. బుధవారానికి ఆయిలులో ముక్క కాస్త ఉబ్బినట్టనిపించింది. కాదులే అని మూత పెట్టేశాను. శుక్రవారం రెండూ తీసి అరచేతిలో పెట్టుకున్నాను. నీళ్ళలోది వేసినప్పటిలాగే ఉంది. ఆయిలులోది ఒళ్ళు వాచి, వేలితో నొక్కితే దిగిపోతోంది, గోటితో గిల్లితే ఊడొస్తోంది. ఇంక ఎవరూ చెప్పక్కర్లేదు. ఇరుసుకి మందైనది రబ్బరుకి విషమైంది. ఆ విషం వారం వారం వేలితో ముంచి పూసింది నేను.

నా మూతి పగిలిందంటే సరే, నా ఖర్మ. కానీ నాన్న రోజూ ఆ క్యాబిన్‌లోనే కూర్చుంటాడు. క్యాబిన్ ఒరిగే మలుపులో కూడా ఆయన ఒక చెయ్యి వదిలి నాకు అడ్డం పెట్టేవాడు. అప్పుడేదైనా అయ్యుంటే? చెప్పేస్తే నా సీటు పోతుంది, ఇంక జన్మలో లారీ దగ్గరికి రానివ్వరు. చెప్పకపోతే ఎవరికీ తెలీదు, సాయిబు మావ వయసైపోయింది అనేశాడు కదా. ఆ సాయంత్రమంతా గూటి దగ్గరా నూతి దగ్గరా తిరిగాను. చివరికి నాన్న నూతి దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే వెళ్ళి, రెండు ముక్కలూ చేతిలో పెట్టి, ఏడుస్తూ అంతా చెప్పేశాను.

నాన్న ఆ ముక్కల్ని చాలాసేపు నొక్కి చూశాడు. నేను దెబ్బ కోసం కళ్ళు మూసుకున్నాను.

"నాకు తెలుసు గుంటా," అన్నాడు. "లారీ కిందనుంచి నీ కాళ్ళు కనబడేయి. ఆపనేదు. నా కూతురు నా బండి సూసుకుంతందని మురిసిపోయేను. స్టూలెక్కి పడిపోతావని ఆ డబ్బా అటక మీంచి దించిందీ నానే."

మా ఇద్దరికీ రబ్బరు సంగతి తెలీదు. తాత చేసిన కందెనే లోకంలో అన్నిటికీ మందని నేననుకున్నాను, నాన్నా అదే అనుకున్నాడు. ఆ రోజు నూతి గట్టు మీద కూర్చుని ఇద్దరం ఆ ముక్కల్ని మార్చి మార్చి గిల్లి చూశాం. సీటు మాట నేను అడగలేదు. ఆయనే, లేస్తూ, "ఆదివారం బేగి లెగు. రబ్బర్లు మార్సాల," అన్నాడు. నాకు మళ్ళీ ఏడుపొచ్చింది.

ఆ ఆదివారం పొద్దున్నే షెడ్డుకి వెళ్ళగానే నాన్న ఆ రెండు ముక్కలూ సాయిబు మావ ముందు పెట్టి, "ఇద్దరం సేసేం బావా," అన్నాడు. సాయిబు మావ నా వైపు చూసి గడ్డంలో నవ్వాడు. "నాను సెప్తే నా మాట నమ్మాల. ఇప్పుడు నీ కళ్ళనే నమ్మేవు," అన్నాడు. కొత్త రబ్బర్లు గోనెగుడ్డలోంచి తీసి నా ఒళ్ళో పెట్టి, చేతులు సబ్బుతో కడుక్కున్నాకే ముట్టుకోవాలన్నాడు. నల్లగా, బరువుగా, బడి సంచీ కొత్తగా కొన్నప్పటి వాసన.

క్యాబిన్ లేపడం, పాతవి తీయడం, ఇనుముకి పట్టిన కందెనంతా గుడ్డతో తుడిచి ఆరబెట్టడం, కొత్తవి కూర్చోబెట్టడం. ఆ తుడిచే పని నాదే. ఒక్క చుక్క మిగలకుండా తుడిచాను. సాయిబు మావ ఆరు బోల్టులకీ నట్లు చేత్తో తిరిగినంత వరకే తిప్పి, క్యాబిన్ దించాడు. మా నాన్నకి ఎప్పుడూ తొందరే. పొడుగు పానా తీసుకుని ఒక మూల నట్టుని ఒళ్ళు విరుచుకుని బిగించేశాడు. సాయిబు మావ పానా లాక్కున్నాడు.

"అరే బావా, పీక నొక్కేత్తావేటి దాన్ని? ఇంత బిగిత్తే రబ్బరుకీ రాయికీ తేడా ఏటి? అన్నిటినీ కొంచెం కొంచెం, ఈ మూలా ఆ మూలా. దాని పొట్ట కాస్త బయటికొచ్చిందా, సాలు." ఆ నట్టు మళ్ళీ వదులు చేసి, తనే మెల్లగా అన్నీ తిప్పుకుంటూ వచ్చాడు. తర్వాత నాతో అన్నాడు. "ఇది మజ్జలో కూకుని కుదుపంతా తనే తింటాది బేటీ. పైన కూకున్నోళ్ళకి ఇదొకటి ఉందనే తెలీకూడదు. అదీ దీని పని."

తిరుగు ప్రయాణంలో నా తువ్వాలు మడత మీద నేను రాణిలాగ కూర్చున్నాను. కిర్రు లేదు, దభీమనడం లేదు. నా మూతి పగలగొట్టిన కల్వర్టు వస్తోంది. నేను అలవాటుగా ఊపిరి బిగబట్టి ఆ చేతికోసం ఎదురు చూశాను. లారీ పడవలాగ ఒక్కసారి లేచి మెత్తగా దిగిపోయింది. నాన్న రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి.

ఆయన తప్పు ఏముంది? కుదుపు లేనప్పుడు అడ్డం పెట్టడమెందుకు? నా వైపు చూసి నవ్వి, "సూసేవా, తగలనేదు," అన్నాడు. అడగలేదు, చెప్పాడు. నేనూ నవ్వాను. కానీ ఇంటికొచ్చేదాకా ప్రతి గోతి దగ్గరా ఎదురు చూస్తూనే ఉన్నాను. ఒక్క గోతికీ ఆ చెయ్యి రాలేదు. ఏ సీటు కోసమైతే నెల రోజులు ఏడ్చానో, ఆ సీటు నాకొచ్చింది. ఆ చెయ్యి మాత్రం పాత రబ్బర్లతో పాటే షెడ్డులో ఉండిపోయింది. ఈ మాట నాన్నతో ఎప్పుడూ అనలేదు. అంటే ఆయన నవ్వేవాడేమో, లేకపోతే ఊరికే అయినా చెయ్యి చాపేవాడేమో. అనాల్సింది. ఇప్పుడనిపిస్తుంది.

ఏళ్ళు గడిచాయి. పెళ్ళయి నేను ఎలమంచిలి వెళ్ళాను. ముక్కు లారీ అమ్మేశారు. సాయిబు మావ పోయాడని తెలిసిన రోజు నాన్న షేవింగు మధ్యలో ఆపి అలాగే కూర్చుండిపోయాడట. ఆ తర్వాత నాన్నకే జబ్బు చేసింది. ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళూ తలోటీ పూయబోయారు, తలోటీ తాగించబోయారు. నేనొక్కదాన్నే ఏది చేయాలన్నా ముందు ఆయన్నే అడిగేదాన్ని. అది మాత్రం ఆ రెండు డబ్బాల దగ్గర నేర్చుకున్నదే. "ఏటీ వద్దే. పక్కన కూకో," అనేవాడు. కూర్చునేదాన్ని.

ఆస్పత్రి నుంచి ఆఖరుసారి ఇంటికి తీసుకొచ్చిన రోజు కారు వెనక సీటులో ఆయన, ఆయనకి ఎడమ పక్కన నేను. మత్తులో ఉన్నాడు, కళ్ళు మూతలు పడుతున్నాయి. సబ్బవరం రోడ్డు మీద డ్రైవరు స్పీడ్ బ్రేకరు చూసుకోక గట్టిగా బ్రేకు వేశాడు. అంతే, సూది గుచ్చి ప్లాస్టరు వేసిన ఆ ఎడమ చెయ్యి, ఎక్కణ్ణించి వచ్చిందో ఆ బలం, లేచి నా ఛాతీకి అడ్డం పడింది. కళ్ళు తెరవలేదు. పెదవులు మాత్రం కదిలాయి.

"తగిలిందా గుంటా?"

నాకప్పుడు నలభై తొమ్మిదేళ్ళు. జవాబు చెప్పేదాకా ఆ చెయ్యి వెనక్కి వెళ్ళదని నాకు తెలుసు. అందుకే ఇల్లు వచ్చేదాకా చెప్పలేదు.

ఆ నీళ్ళ డబ్బాలో రబ్బరు ముక్క ఇప్పటికీ నా దగ్గరుంది. ఎండిపోయి బీటలు తీసింది, అయినా పారేయలేదు. ఇప్పటి కార్లు చాలా మెత్తనివి. నా మనవరాలు తోలుతుంటే గొయ్యి వచ్చిందో లేదో కూడా తెలీదు. "ముందు సీటు నీదే నానమ్మా," అని అది ఎడమ పక్క తలుపు తీస్తుంది. ఎక్కి కూర్చుంటాను. ఎప్పుడైనా సడెన్‌గా బ్రేకు పడితే అందరూ ముందుకి చూస్తారు. నేను మాత్రం ఇప్పటికీ కుడి పక్కకే చూస్తాను.